చుట్టాలు వద్దన్న జాబితా

రెండు ఊళ్లు కొట్టుకున్న తర్వాత శాంతి మాటలకు ఎవరిని కూర్చోబెట్టాలన్నది తహసీల్దారుకు ఏ శిక్షణలోనూ చెప్పరు. భూముల చట్టాలు చెప్తారు, ఎన్నికల పని చెప్తారు, వరదొస్తే ఏం చేయాలో రెండు రోజులు చెప్తారు. మా పాలమూరు మెట్టకు వరద ఎన్నడొచ్చింది గనక! కొట్లాటలు మాత్రం వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ పైనుంచి ఒకటే మాట: "రెండు వైపులా ఐదైదుగురిని ఎంపిక చేసి మాట్లాడించండి." ఆ ఐదుగురు ఎవరన్నదే అసలు పని అని నాకు తెలిసొచ్చేసరికి ఒక ఆడపిల్ల ప్రాణం మీదికి వచ్చింది.

నేను నల్గొండ కలెక్టరేట్‌లో గుమాస్తాగా చేరి, తహసీల్దారుగా రిటైరయ్యాను. కొత్తగా ఈ ఉద్యోగంలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల కథ మీకు అక్కర్లేదు, నిజానికి నాకూ అక్కర్లేదు. నేను తయారు చేసిన ఒక్క జాబితా గురించి చెప్తాను. దాన్ని తప్పుగా తయారు చేశాను కాబట్టి చెప్తున్నాను.

పెద్దసారు నేర్పింది

నల్గొండలో నా మొదటి పై అధికారి చాలా గట్టి మనిషి. పంచనామా రాయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఎక్కడ ఏం జరిగినా అక్కడికి వెళ్లి, ఇద్దరు ముగ్గురు ఊరివాళ్లను సాక్షులుగా నిలబెట్టి, చూసింది చూసినట్టు రాసి సంతకాలు తీసుకోవడమే పంచనామా. ఒకసారి నేను తెలియక ఫిర్యాదుదారుడి బావమరిదితో సంతకం పెట్టించాను. పెద్దసారు ఆ కాగితాన్ని నా కళ్లముందే చింపేశారు.

"చుట్టం సంతకం పెట్టిండంటే గా కాగితం పనికిరాదమ్మా. మొదాలు చుట్టరికం అడుగు. ఉన్నదంటే పక్కన పెట్టు," అన్నారు.

నాకు ఏడుపొచ్చింది గానీ మాట ఒంటబట్టింది. ఆ తర్వాత పాతికేళ్లు ఎవరిని సాక్షిగా పిలిచినా ముందు చుట్టరికమే అడిగాను. పంచనామాకు అది మంచి నియమమే, ఇప్పటికీ మంచిదే. ఒకచోట పనికొచ్చిన నియమం అన్నిచోట్లా పనికొస్తుందనుకోవడం నా మొద్దుతనం. పెద్దసారు తప్పేం లేదు.

నీళ్లొచ్చిన ఊళ్లు

రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు నన్ను కల్వకుర్తి వైపు ఒక మండలానికి వేశారు. అక్కడి రెండు ఊళ్ల పేర్లు రాయను. ఇప్పుడు వాళ్లు బాగున్నారు, పాత పుండు నేనెందుకు గెలకాలి? కాలువకు ఎగువన ఉన్నదాన్ని పై ఊరు అంటాను, దిగువన ఉన్నదాన్ని కింది ఊరు అంటాను.

తాతల నాటి నుంచి ఆ రెండు ఊళ్లూ జొన్న, ఆముదం వేసుకుని, కరువొస్తే కలిసి వలస పోయి, కలిసి తిరిగొచ్చి బతికాయి. నీళ్లు లేనన్నాళ్లు వాళ్ల మధ్య ఒక్క కేసు లేదు. ఎత్తిపోతల కాలువ వచ్చింది, వరి వేశారు, అప్పుడు మొదలైంది. పై ఊరివాళ్లు తూము తలుపు దించి నీళ్లు తమవైపు మళ్లించుకున్నారు. కింది ఊళ్లో పొట్టకొచ్చిన వరి ఎండిపోయింది. ఒక పొద్దున తూము దగ్గర కర్రలు లేచాయి. కింది ఊరి శ్రీశైలం అనే ఇరవై నాలుగేళ్ల పిల్లవాడి తల పగిలింది. హైదరాబాదు తీసుకెళ్లారు, మూడో రోజు చనిపోయాడు. ఆ కోపంలో కింది ఊరివాళ్లు వెళ్లి పై ఊరి గడ్డివాములు తగలబెట్టారు. అరెస్టులు, బెయిళ్లు, పోలీసు టెంట్లు. రెండు ఊళ్ల మధ్య బాట మూతపడింది.

శ్రీశైలం తల్లి పేరు లచ్చమ్మ. భర్త లేడు. ఆమెకు మిగిలింది యాదమ్మ అనే ఒక్క కూతురు. ఆ పిల్లను ఇచ్చింది పై ఊరికే. యాదమ్మ అత్త పేరు బాలమ్మ. బాలమ్మ చిన్నకొడుకు రాజు, అంటే యాదమ్మ మరిది, శ్రీశైలాన్ని కొట్టినవాళ్లలో ఒకడని కేసు. పొలానికి సద్ది తీసుకెళ్తూ లచ్చమ్మ అది కళ్లారా చూసింది.

అన్న శవాన్ని చూడడానికి కూడా యాదమ్మ రాలేకపోయింది. అప్పటికే ఆమె కడుపుతో ఉంది. మొదటి కాన్పు తల్లిగారింట్లో జరగాలి. లచ్చమ్మకు ఇక ఈ లోకంలో కావాల్సింది ఆ కూతురు తన గడపలోకి రావడం, అంతే. నేను మొదటిసారి పరామర్శకు వెళ్లినప్పుడు పరిహారం గురించి ఏదో చెప్పబోయాను. ఆమె వినలేదు.

"నా బిడ్డ కాన్పుకొస్తదా మేడం? గదొక్కటి చెప్పు," అంది.

వస్తుందన్నాను. అంత తేలిగ్గా అనకూడదు.

శుభ్రమైన జాబితా

కొన్ని నెలలు గడిచాక శాంతి చర్చలు పెట్టమన్నారు. మా ఆఫీసులో సాయిలు అని వీఆర్ఏ ఉండేవాడు, యాభై దాటిన మనిషి. ఆ రెండు ఊళ్లలో అతనికి తెలియని గడప లేదు. అతన్ని పిలిచి ఊరికి ఇరవై పేర్లు రాసుకు రమ్మన్నాను. తెచ్చాడు. "అవతలి ఊరితో చుట్టరికం ఉన్నవాళ్లందరినీ కొట్టేయ్," అన్నాను. సాయిలు ఒక నిమిషం నా ముఖం చూశాడు. తర్వాత పెన్ను తీసుకుని కొట్టేస్తూ పోయాడు. ఇరవైలో ఊరికి ఏడెనిమిది పేర్లు మిగిలాయి.

అందులోంచి ఐదైదుగురిని తీశాను. పై ఊరి నుంచి ఎరువుల దుకాణం యజమాని, మాజీ సర్పంచి, ఇంకా ముగ్గురు. కింది ఊరి నుంచి హైదరాబాదులో ఉంటున్న ఒక వకీలు, రిటైర్డ్ హెడ్మాస్టరు, ఇంకా ముగ్గురు. అందరూ చదువుకున్నవాళ్లు, మాటకారులు. ఎవరికీ అవతల ఎవరూ లేరు. మా ఆర్డీవో సారు జాబితా చూసి, "శుభ్రంగ ఉన్నది. ఒక్కడు గూడ వేలెత్తి చూపలేడు," అని మెచ్చుకున్నారు. నేను పొంగిపోయాను.

చర్చలు మా ఆఫీసు హాల్లో జరిగాయి. ఎదురెదురుగా కుర్చీలు, మధ్యలో బల్ల, బల్ల మీద బిస్కెట్లు. ఒక్క మధ్యాహ్నంలో ఒప్పందం అయిపోయింది. వారంలో నాలుగు రోజులు పై ఊరికి నీళ్లు, మూడు రోజులు కింది ఊరికి. "ఉభయులూ కేసుల విషయంలో సామరస్యంగా నడుచుకోవాలి" అని వకీలుగారు ఒక వాక్యం చేర్చారు. చావు కేసు మీద సామరస్యం ఏమిటని నేను అడగాల్సింది, అడగలేదు. పదిమంది సంతకాలు పెట్టారు, ఫోటో దిగారు. అంత త్వరగా అయిపోయినందుకైనా నాకు అనుమానం రావాల్సింది. పోగొట్టుకునేది ఏమీ లేనివాళ్లకు ఒప్పుకోవడం సులువు. ఆ పదిమందిలో సగం మందికి కాలువ కింద గుంట భూమి కూడా లేదని తర్వాత తెలిసింది.

తొమ్మిదో రోజు పై ఊళ్లో ఎవరో తూము తలుపు దించేశారు. కింది ఊరివాళ్లు ఎరువుల దుకాణం ఆయనకు ఫోన్ చేశారు. "నేను చెప్పిన. వాళ్లు ఇంటలేరు. నేనేం జెయ్యాలె?" అన్నాడట. వకీలు ఫోన్ ఎత్తలేదు. కింది ఊరి యువకులు వెళ్లి కాలువ వంతెనకు అడ్డంగా ముళ్లకంప వేసి కూర్చున్నారు.

సరిగ్గా ఆ పొద్దునే యాదమ్మ బట్టల సంచి పెట్టుకుని ఆటో ఎక్కింది. ఏడో నెల. ఒప్పందమైందని, బాట తెరిచారని, తహసీల్దారు మేడమే చెప్పిందని ధైర్యంగా బయల్దేరింది. వంతెన దగ్గర ఆపింది ఆమె పుట్టిన ఊరివాళ్లే. చిన్నప్పుడు ఆమెతో కలిసి ఆడుకున్నవాళ్లే. "వాళ్లింటి కోడలివి, వాళ్లింటికే పో," అన్నారు. ఆటోవాడు భయపడి గుంతల బాటలో గబగబా వెనక్కి తిప్పాడు. ఇల్లు చేరేలోపే ఆమెకు నొప్పులు మొదలయ్యాయి.

దవాఖానలో

కబురు తెలిసి కల్వకుర్తి దవాఖానకు వెళ్లాను. నొప్పులు ఆగాయని, కానీ కొన్ని రోజులు కదలకుండా పడుకోవాలని డాక్టరమ్మ చెప్పింది.

మంచానికి ఒకవైపు బాలమ్మ, ఇంకోవైపు లచ్చమ్మ కూర్చున్నారు. దవాఖాన ఏ ఊరిదీ కాదు గనక ఇద్దరూ రాగలిగారు. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు, ఒకరి ముఖం ఒకరు చూడడం లేదు. బాలమ్మ టిఫిన్ డబ్బా విప్పి అన్నం కలిపింది. యాదమ్మ నాలుగు ముద్దలు తిని తల తిప్పుకుంది. బాలమ్మ డబ్బాను మంచం మీదుగా అవతలికి జరిపింది. లచ్చమ్మ తీసుకుని మిగతా ముద్దలు పెట్టింది. కూతురు తల్లి చేతి నుంచి తింది. ఆ పని అయ్యాక లచ్చమ్మ చెంబు జరిపితే బాలమ్మ నీళ్లు తాగించింది. ఇదంతా ఒక్క మాట లేకుండా జరిగింది. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. నా హాల్లో సంతకాలు పెట్టిన పదిమందీ ఒకరికొకరు ఇంత చేయలేదు కదా అనిపించింది.

లచ్చమ్మ వరండాలోకి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నువ్వు కూసోబెట్టినోళ్లల్ల గా ఊరికి పిల్లనిచ్చినోడు ఒక్కడన్న ఉన్నడా బిడ్డా?" అని అడిగింది.

"లేడమ్మా. చుట్టరికం ఉన్నోళ్లు వద్దని నేనే తీసేసిన."

"గట్లనా," అంది. "మరి వాళ్లకేం నొప్పి ఉంటది?"

నా కంటే చదువు తక్కువ అని గానీ, నా కంటే బాధలో ఉందని గానీ ఆ మాటను తేలిగ్గా తీసుకునే వీలు నాకు లేకపోయింది. మేడం అన్న మనిషి ఆ రోజు నన్ను బిడ్డా అంది. అందుకు నేను తగనని నాకు తెలుసు. జీపులో కూర్చుని ఏడ్చాను, దాచుకునేదేముంది.

సాయిలు కొట్టేసిన పేర్లు

మర్నాడు పొద్దున్నే సాయిలును పిలిచాను.

"కింది ఊరి ఆడపిల్లలు పై ఊళ్లో, పై ఊరి ఆడపిల్లలు కింది ఊళ్లో ఎవరెవరింట్లో ఉన్నారో నీకు తెలుసా?"

"ఎందుకు తెల్వదు మేడం! పై ఊర్ల కింది ఊరోళ్ల పిల్లలు పదకొండు మంది, గాడికెల్లి కింది ఊరికొచ్చినోళ్లు తొమ్మిది మంది. పేర్లతోని చెప్త."

"మరి మొదట్లోనే చెప్పలేదేం?"

"మీరే గద మేడం చుట్టరికం ఉన్నోళ్లను కొట్టెయ్యమన్నరు. తెలిసే కొట్టేసిన," అన్నాడు సాయిలు. కోపం లేకుండా, చాలా మర్యాదగా అన్నాడు. అతని దగ్గర ఆ పాత కాగితం ఉందేమోనని అడిగితే జేబులోంచి తీశాడు. కొట్టేసిన పేర్లే నాకు కావలసిన జాబితా. పిల్లలూ, కింది ఉద్యోగి మీ ముఖం ఒక నిమిషం చూశాడంటే ఎందుకు చూస్తున్నాడో అడగండి. నేను అడిగి ఉంటే యాదమ్మ ఆ ఆటో బాధ పడేది కాదు.

ఆర్డీవో సారు కొత్త జాబితా చూసి కుర్చీలో వెనక్కి వాలారు. "అందరు చుట్టాలేనా? పైగా చచ్చిపోయిన పిలగాని తల్లి? నిందితుని తల్లి? ఇదేం జాబితా అమ్మా?" అన్నారు. దవాఖానలో చూసింది చెప్పాను. "సరే. చెడిందంటే మాత్రం నీ పేరే రాస్త," అన్నారు. రాయండి సార్ అన్నాను. మంచి అధికారి అంటే మన మాట నచ్చిన అధికారి కాదు. నచ్చకపోయినా మనకు ఒకసారి దారి వదిలినవాడు. ఆ విషయంలో ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

ఊరి పెద్దలు వేరే గొడవ చేశారు. "ఆడమనిషి, పైగా కొడుకు పోయిన మనిషి. ఏడుస్తది, మాట సాగదు," అన్నారు. ఏడిస్తే ఏడవనివ్వండి అన్నాను. మొదటిసారి ఎవరూ ఏడవకుండానే కదా అంతా నాశనమైంది.

లచ్చమ్మే ఒప్పుకోలేదు. "నేను కూసుంటే నా కొడుకు సావుకు ఒప్పుకున్నట్టయితది," అంది.

"సావు గురించి ఒక్క అక్షరం రాయను. కేసు కోర్టుది. దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు. నీళ్లు, బాట, ఈ రెండే మాట్లాడుదాం."

"నా బిడ్డ ఇంటికొస్తదా?"

ఈసారి నాకు బుద్ధొచ్చింది. "తెల్వదమ్మా," అన్నాను. "నువ్వు కూసుంటే రావచ్చు."

ఆమె వచ్చింది.

జంపఖానా మీద

ఈసారి మహిళా సంఘం భవనంలో కుర్చీలు తీసేయించి జంపఖానా పరిచాం. ఎవరెక్కడ కూర్చోవాలో సాయిలుకే వదిలేశాను. ఊరిని బట్టి కాకుండా వియ్యంకుడి పక్కన వియ్యంకుణ్ణి కూర్చోబెట్టాడు. మామూలు రోజుల్లో మా దగ్గర వియ్యంకులు కలిస్తే పరాచికాలకు అంతుండదు. ఆ రోజు గంటసేపు ఎవరూ నోరు తెరవలేదు. నాకు మాట్లాడాలని నాలుక దురద పెట్టింది. సాయిలు నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఈసారి ఎందుకు చూస్తున్నాడో నాకు తెలిసింది.

చివరికి లచ్చమ్మ అడిగింది. పక్కనే ఉన్న బాలమ్మను చూడకుండా, జంపఖానాను చూస్తూ అడిగింది. "నా కొడుకు పానం పోయిన నాడు మీ ఇంట్ల పొయ్యి ముట్టిచ్చిన్రా?"

"లేదు," అంది బాలమ్మ. "నీ బిడ్డ మూడు దినాలు మెతుకు ముట్టలే. నేను గూడ ముట్టలే. శ్రీశైలం నా చేతి అన్నం తిన్న పోరడు ఒదినా. పండుగ పండుగకు చెల్లెను చూడనొచ్చెటోడు. మావోడు గిట్ల జేసిండని నేను యాడికి పోయి చెప్పుకోను?"

ఇద్దరూ ఏడ్చారు. మగవాళ్లు కూడా తలలు దించుకున్నారు. పెద్దలు భయపడినట్టు మాట ఆగిపోలేదు, అప్పుడే మొదలైంది. కోపాలు కూడా వచ్చాయి, ఒకాయన లేచి వెళ్లిపోబోతే పక్కనున్న వియ్యంకుడు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. నీళ్ల వంతులు పాతవే ఒప్పుకున్నారు. అయితే తూము తలుపుకు తాళం వేస్తే ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న చోట చిక్కు పడింది. నా దగ్గర పెడతానన్నాను. పోలీసుల దగ్గరన్నాను. ఎవరికీ నచ్చలేదు.

పై ఊరి కిష్టయ్య అనే ముసలాయన గొంతు సవరించుకున్నాడు. ఆయన ఇద్దరు కూతుళ్లను కింది ఊరికే ఇచ్చాడు. "కింది ఊరి వంతు ఉన్న దినాలు తాళంచెయ్యి మా ఊర్ల ఉన్న వాళ్ల ఆడపిల్ల ఇంట్ల ఉండాలె. మా వంతు దినాలు వాళ్ల ఊర్ల ఉన్న నా బిడ్డ కొంగుకుండాలె. ఎవ్వడన్న వంతు తప్పిండంటే ఇంటి కోడలి చేతిలకెల్లి గుంజుకోవాలె. గంత సిగ్గులేనోడు మా రెండు ఊర్లల్ల ఉన్నడంటే ఇగ మాటలెందుకు?"

ఏ అధికారికీ తట్టని మాట అది. నాకైతే నూరేళ్లకూ తట్టదు. అందరూ ఒప్పుకున్నారు. ఆ తర్వాత రెండు మూడుసార్లు వంతు తప్పబోయారు. తాళంచెవి ఇవ్వనని గుమ్మంలో నిలబడింది కోడళ్లే, వాళ్ల వెనక నిలబడింది అత్తలే. మా ఆఫీసు దాకా ఒక్క కాగితం రాలేదు. ఎవరు బాగా మాట్లాడతారో వాళ్లను చర్చలకు పిలవకండి. ఇంటికి వెళ్లాక ఆ మాటతో కలిసి బతకాల్సినవాళ్లను పిలవండి. నేను చెప్పగలిగిన పాఠం అంతకు మించి లేదు.

తెచ్చుకోవడం

యాదమ్మకు తొమ్మిదో నెల పడింది. ఆడపిల్లను పుట్టింటికి తోలుకుపోవడానికి అన్నో తమ్ముడో వస్తాడు. ఆ అన్న లేడు. ఎవరు వెళ్లాలని మళ్లీ కూర్చున్నారు. చివరికి బాలమ్మ కోడలిని కాలువ వంతెన దాకా తెచ్చి అప్పగించాలని, లచ్చమ్మ వంతెన దగ్గరికి రావాలని అనుకున్నారు. నన్ను కూడా ఉండమన్నారు. పొద్దున పది గంటలకు వంతెన దగ్గర జీపు దిగి నిలబడ్డాను.

లచ్చమ్మ నడుచుకుంటూ వచ్చింది. వంతెన మీద ఆగలేదు. నన్ను చూసి, "పోయొస్త బిడ్డా," అని పై ఊరి బాట పట్టింది. కొడుకు పోయాక ఆ ఊరి మట్టి మీద ఆమె కాలు పెట్టడం అదే మొదలు. నేను కొంచెం దూరంలో వెనకే నడిచాను. వాకిళ్లలో జనం లేచి నిలబడ్డారు.

బాలమ్మ అప్పుడే కోడలిని బయల్దేరదీస్తోంది. గుమ్మంలో లచ్చమ్మను చూసి చేతిలో సంచి అక్కడే వదిలేసింది. లోపలికి పరుగెత్తి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆ ఇంట్లో నీళ్లు తాగుతుందా, తాగదా అని వాకిలంతా చూసింది. లచ్చమ్మ చెంబు తీసుకుంది, సగం తాగి సగం కూతురి చేతికిచ్చింది.

అప్పుడు బెయిలు మీదున్న రాజు లోపలి నుంచి వచ్చాడు. గోడకు ఆనుకుని తల వంచుకుని నిలబడ్డాడు. తర్వాత ఆమె కాళ్ల మీద పడబోయాడు. లచ్చమ్మ వెనక్కి జరిగింది.

"నన్ను ముట్టకు," అంది. గొంతు పెంచలేదు. "నీ కేసు కోర్టుల ఉంది. నేను చూసింది చూసినట్టు చెప్త. గా దినం నా కాళ్లు మొక్కినా చెప్త." కూతురి నడుం చుట్టూ చెయ్యి వేసి ఒక మెట్టు దింపింది. మళ్లీ వెనక్కి తిరిగింది. "మీ వదిన బరువు మొయ్యద్దని డాక్టరమ్మ చెప్పింది. గా సంచి అందుకో. కాలువ దాక తీసుకరా."

రాజు సంచి ఎత్తుకుని వాళ్లకు పది అడుగుల వెనక నడిచాడు. కాలువ దగ్గర లచ్చమ్మ చెయ్యి చాపింది, అతను సంచి ఇచ్చేశాడు. తల్లీకూతుళ్లు వంతెన దాటి ఇంటికి వెళ్లిపోయారు.